‘యావరేజి’ అన్న మాటకు అర్థాలెన్ని?

ఇంగ్లీషు నుంచి మన వాడుకలోకి వచ్చి స్థిరపడిపోయిన పరిమాణవాచకాలలో ‘యావరేజి’ ఒకటి. ఈ మాట వాడటానికి ఇంగ్లీషు చదువు అక్కరలేదు. మండీలో దళారి వాడతాడు. సినిమాహాలు ముందు నిలబడ్డ కుర్రవాడు వాడతాడు. పరీక్ష పేపర్లు దిద్దే పంతులూ, వర్షపాతం పట్టిక రాసే గుమాస్తా కూడా వాడతారు. అయితే అందరూ ఒకే అర్థంలో వాడటం లేదు. మాట ఒకటే కావడం వల్ల అర్థాలు వేరన్న సంగతి మరుగున పడుతోంది. ఈ మరుగు వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది నిఘంటుకారుల కంటే రచయితలకే ఎక్కువ అవసరమైన ప్రశ్న అని నా అభిప్రాయం. అనంతపురంలో పాఠాలు చెబుతూ, కరువు మీద వచ్చిన కథలను ఏళ్ళ తరబడి చదువుతూ ఉన్నవాడిగా నాకు తోచిన విషయాలను విద్యార్థి మిత్రుల ముందూ, రచయితల ముందూ పెడుతున్నాను.

వాడుకలో ఉన్న అర్థాలు

ముందు వాడుకను చూద్దాం. ‘ఎకరాకు యావరేజిన నాలుగు మూటలు’ అన్నప్పుడు అది ఒక లెక్క. ‘సినిమా యావరేజి’ అన్నప్పుడు అది విజయానికీ పరాజయానికీ మధ్య ఒక మెట్టు. ‘మీవాడు యావరేజి స్టూడెంటండీ’ అని పంతులు తండ్రితో అన్నప్పుడు అది లెక్కా కాదు, మెట్టూ కాదు, తక్కువరకం అని మర్యాదగా ఇచ్చిన తీర్పు. ‘యావరేజి మనిషి’ అన్నప్పుడు సామాన్యుడు అని అర్థం. ‘యావరేజి కంటే తగ్గింది’ అని అధికారి అన్నప్పుడు ఆ మాటకు ఒక ఆజ్ఞాబలం వస్తుంది. ‘ఎంత ఉన్నది’ అని చెప్పవలసిన మాట ‘ఎంత ఉండాలి’ అని చెప్పే మాటగా మారిపోతుంది. వర్ణన నుంచి నియమంలోకి జరిగే ఈ జారుడు చాలా మెత్తగా జరుగుతుంది కనుక మనం గమనించం.

తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి: సగటు, సరాసరి. రెండవది రెవెన్యూ భాష ద్వారా మనకు వచ్చింది. పారసీకంలో ‘సరాసర్’ అంటే ఒక చివర నుంచి మరో చివర దాకా, మొత్తంగా అని. ఆ మాటనే మనం ‘సరాసరి ఇంటికి వెళ్ళాడు’ అన్నచోట ‘నేరుగా’ అనే అర్థంలోనూ వాడుతున్నాం. విచిత్రమేమంటే, లెక్కలో సరాసరి అన్నది దేనినీ నేరుగా చూపించదు. ఎత్తుపల్లాలన్నిటినీ చదును చేసిన తరువాత మిగిలినదాన్నే చూపిస్తుంది.

గణితశాస్త్రం కూడా యావరేజిని ఒక్కటిగా చూడదు. మన పాఠ్యపుస్తకాలలో అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని మూడున్నాయి. ఒక పల్లెలో ఐదు కుటుంబాలు ఉన్నాయనుకుందాం. వాటి భూములు వరుసగా 1, 1, 2, 4, 42 ఎకరాలు. మొత్తం 50 ఎకరాలను ఐదుతో భాగిస్తే కుటుంబానికి 10 ఎకరాలు. ఇది అంకమధ్యమం. వరుసలో నడుమనున్న కుటుంబం భూమి 2 ఎకరాలు. ఇది మధ్యగతం. ఎక్కువమందికి ఉన్నది 1 ఎకరం. ఇది బాహుళకం. మూడూ యావరేజులే, మూడూ నిజాలే. కాని ‘ఈ పల్లెలో సగటు కమతం 10 ఎకరాలు’ అని రాస్తే ఆ 10 ఎకరాల రైతు పల్లెలో ఎక్కడా కనిపించడు. 42 ఎకరాల ఆసామి మాత్రం ఆ అంకె వెనుక క్షేమంగా దాగి ఉంటాడు. మూడింటిలో ఏ యావరేజిని ఎన్నుకోవాలన్నది గణితం నిర్ణయించదు. లెక్క చెప్పేవాడి అవసరం నిర్ణయిస్తుంది.

మాట పుట్టుక

ఈ మాట చరిత్ర ఇంకా ఆసక్తికరం. ఇంగ్లీషు ‘యావరేజి’కి మూలం ఫ్రెంచి, ఇటాలియన్ భాషలలోని ‘అవారీ’, ‘అవారియా’. వాటికి వెనుక చెడిపోయిన సరుకు అనే అర్థమున్న అరబ్బీ మాట ఉంది. మధ్యధరా సముద్రం మీద తిరిగిన వర్తకుల భాష ఇది. తుపానులో ఓడ మునిగిపోయేలా ఉంటే బరువు తగ్గించడానికి కొందరి సరుకును నీళ్ళలోకి విసిరేసేవారు. ఓడ బతికి ఒడ్డుకు చేరితే, పోయినవాడి నష్టాన్ని సరుకు మిగిలినవాళ్ళూ, ఓడ యజమానీ తమతమ విలువల ప్రకారం పంచుకునేవారు. ఆ నష్టానికీ, ఆ పంపకానికీ పేరు యావరేజి. అందరి కోసం ఒకడు నష్టపోతే ఆ నష్టం అందరిదీ అన్నది దాని ధర్మం. ఆ న్యాయం సముద్ర చట్టంలో ‘జనరల్ యావరేజి’ పేరుతో ఇప్పటికీ అమలులో ఉంది. 2021 మార్చిలో సూయజ్ కాలువకు అడ్డంపడి ప్రపంచ వర్తకాన్ని ఆరు రోజులు ఆపేసిన ‘ఎవర్ గివెన్’ ఓడ విషయంలో దాని యజమానులు ప్రకటించింది ఈ జనరల్ యావరేజినే.

ఇంగ్లండు భూస్వామ్య వ్యవస్థలో ఇదే రూపంలో ఇంకొక మాట కూడా ఉండేది. దాని ధాతువు వేరు. ‘అవర్’ అంటే బరువు లాగే పశువు. కౌలుదారు తన పశువులతో, బండితో ప్రభువుకు చేయవలసిన ఊడిగాన్ని ‘యావరేజి’ అనేవారు. మన భాషలో చెప్పాలంటే వెట్టి. అంటే ఒకే అక్షరాల కూర్పులో ఒకప్పుడు వర్తకుల మధ్య నష్టపంపకమూ, రైతు నెత్తిన వెట్టిచాకిరీ రెండూ ఇమిడి ఉన్నాయి. మొత్తాన్ని కూడి సంఖ్యతో భాగించడం అనే నేటి అర్థం పద్ధెనిమిదో శతాబ్దంలో గాని స్థిరపడలేదు. నష్టాన్ని పంచే పద్ధతిలోనుంచి భాగహారం మిగిలింది. పంచుకోవాలన్న బాధ్యత జారిపోయింది.

552 అనే అంకె

ఇక మన నేలకు వద్దాం. అవిభక్త అనంతపురం జిల్లా సాలీనా సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లు అని ప్రభుత్వ పట్టికలలో ఉంటూ వచ్చింది. అందులో నైరుతి ఋతుపవనాల వంతు సుమారు 338, ఈశాన్య ఋతుపవనాల వంతు సుమారు 156. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డగిస్తాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్యపు వాన పూర్తిగా అందదు. ఇంతవరకు భూగోళం.

ఈ అంకె చుట్టూ ఒక నానుడి అల్లుకుంది. జైసల్మేరు తరువాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమని. ఉపన్యాసాలలోనూ, కథలలోనూ, కథల మీద రాసిన వ్యాసాలలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. ఇది సరికాదు. రాజస్థాన్‌లోని బార్మేరు, బికనేరు జిల్లాల సగటు అనంతపురం సగటులో దాదాపు సగం మాత్రమే. మన కరువును నిరూపించడానికి ఈ పోలిక అవసరమూ లేదు. పైగా ఇది హాని చేస్తుంది. కరువును ఆకాశం మీదికి నెట్టి, చెరువుల పూడిక, ఒకే పంట, అప్పు, నీటి పంపకం వంటి నేలమీది కారణాలను మరిపింపజేస్తుంది.

భారత వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉన్న వర్షపాతాన్ని ‘సాధారణం’ అంటారు. అంటే 552 సగటు గల చోట 447 కురిసినా సాధారణమే, 657 కురిసినా సాధారణమే. ఇక ఆ వాన ఎప్పుడు కురిసిందన్నది సంవత్సరపు సగటులో కనిపించదు. మా వైపు శెనక్కాయ అని పిలిచే వేరుశెనగ నాలుగు నెలల లోపు పంట. ఎర్రనేల, లోతు తక్కువ, తేమ నిలవదు. విత్తనం వేళ ఒక వాన, ఊడలు దిగేటప్పుడు ఒక వాన, కాయ ఊరేటప్పుడు ఒక వాన కావాలి. వీటిలో ఒకటి తప్పితే ఆ తరువాత ఎంత కురిసినా పోయిన కాయ రాదు. 2021 నవంబరులో వాయుగుండాల వల్ల రాయలసీమలో కుండపోతగా కురిసి వాగులు పొంగాయి. ఆ వాన సంవత్సరం లెక్కను పైకెత్తింది. కాని ఖరీఫు పంటకు ఊడల వేళ కావలసిన వానకు అది బదులు కాలేదు.

అందుకే మా రైతు వానను మిల్లీమీటర్లలో కొలవడు. పదునులో కొలుస్తాడు. దుక్కి పదునా, విత్తనం పదునా, మట్టి తవ్వి చూస్తే బెత్తెడు దిగిందా, జానెడు దిగిందా అన్నది అతని లెక్క. అది పరిమాణాన్నీ, సమయాన్నీ, నేల స్వభావాన్నీ ఒక్క మాటలో చెప్పే కొలత. సగటు అనే మాట ఈ మూడింటినీ విడదీసి పరిమాణాన్ని మాత్రమే మిగుల్చుకుంటుంది. కళ్యాణదుర్గం వైపు ఒక పెద్దాయనను ‘సగటున ఎకరాకు ఎన్ని మూటలు అవుతాయి?’ అని నేనొకసారి అడిగాను. ఆయన జవాబు ఇది: ‘పోయినేడు ఎనిమిది మూటలైనాయి. ఈ యేడు ఇత్తనాలు గూడా తిరిగి రాల్యా. రెండూ కలిపి నాలుగంటావా సామీ? నాలుగు మూటలు నాకు ఏ యేడూ కాల్యా.’ గణాంకశాస్త్రం మీద ఇంతకంటే సూటి విమర్శ నేను చదవలేదు.

చోటు విషయమూ ఇంతే. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి పాకుతున్న పల్లెలూ, హిందూపురం వైపు పల్లెలూ ఒకే జిల్లా సగటు కింద ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. గీత మారింది కనుక సగటు మారింది. మేఘం తన దారి మార్చుకోలేదు.

సగటు మీద కట్టిన బీమా

సగటు ఒట్టి మాట అయితే ఇంత చర్చ అక్కరలేదు. దాని మీద డబ్బు నడుస్తుంది. 1999లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా పథకంలో ఒక ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకొని, వేరుశెనగ వంటి పంటలకు గడిచిన 5 సంవత్సరాల దిగుబడి సగటు కట్టి, అందులో నిర్ణీత శాతాన్ని హామీ దిగుబడిగా పెట్టారు. ఆ యేటి యూనిట్ సగటు దానికంటే తగ్గితేనే పరిహారం.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక యూనిట్‌లో ఐదేళ్ళ దిగుబడులు ఎకరాకు 6, 5, 2, 1, 1 క్వింటాళ్ళు అనుకోండి. సగటు 3. హామీ 80 శాతమైతే 2.4. ఆరో యేట 2.5 క్వింటాళ్ళు పండిందంటే, మంచికాలపు పంటలో సగం కూడా రాలేదన్నమాట. అయినా నష్టం లేనట్టే లెక్క. వరసగా కరువు వస్తే కరువే సగటు అవుతుంది. సగటు దిగితే కరువు అదృశ్యమవుతుంది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో గడిచిన 7 సంవత్సరాలలో విపత్తు సంవత్సరాలను రెండింటిదాకా వదిలి సగటు కట్టే పద్ధతి పెట్టారు. ఇది కొంత సవరణే. కాని ఏడింటిలో నాలుగు కరువులైతే, రెండు వదిలినా రెండు లెక్కలో మిగిలిపోతాయి.

ఇంకొక సంగతి. బోరు కింద నీరు పారినవాడి పంటా, పక్కన ఎండిపోయిన మెట్ట పంటా కలిసి యూనిట్ సగటు నిలబడితే, ఎండినవాడికి ఏమీ రాదు. పాత ఓడ న్యాయంలో సరుకు మిగిలినవాడు సరుకు పోయినవాడికి ఇవ్వాలి. ఇక్కడ మిగిలినవాడి పంట, పోయినవాడి నష్టాన్ని కాగితం మీద కనబడకుండా చేస్తుంది. రెంటికీ పేరు యావరేజే. ఒకటి నష్టాన్ని పంచుతుంది, రెండవది నష్టాన్ని కప్పుతుంది. ఒక మాట తన పుట్టుకకు ఎంత ఎదురుగా నడవగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

పాలకుల చేతిలో, ప్రజల చేతిలో

అయితే సగటును పూర్తిగా తోసిపుచ్చడం తొందరపాటు. అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే ముఖ్యం. 1876-78లో ధాత కరువు వచ్చింది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, కొద్దిపాటి డబ్బూ చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి ఒక సగటు ఆకలిని అతడు కాగితం మీద తయారుచేశాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ ఆ కొలతను వ్యతిరేకించి వాదించవలసి వచ్చింది.

అదే దశాబ్దంలో దాదాభాయి నౌరోజీ భారతీయుడి తలసరి ఆదాయం సాలీనా 20 రూపాయలని లెక్కగట్టాడు. జైలులో ఖైదీ పోషణకు ప్రభుత్వమే పెట్టే ఖర్చు అంతకంటే ఎక్కువని చూపించాడు. పైగా ఆ 20 కూడా సగటే కనుక, ధనికుల వాటా తీసివేస్తే పేదవాడికి అంతైనా దక్కదని హెచ్చరించాడు. సగటును ఆయుధంగా వాడుతూ సగటు పరిమితిని కూడా అదే వాక్యంలో చెప్పిన తీరు ఇది. టెంపుల్ సగటు ప్రశ్నను మూసివేసింది. నౌరోజీ సగటు ప్రశ్నను తెరిచింది.

మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటం (1867)లో సరుకు విలువను కొలిచిన సామాజికంగా అవసరమైన శ్రమకాలం కూడా ఒక సగటే. కాని అది కాగితం మీది సగటు కాదు, మార్కెట్టులో మనిషి మీద పనిచేసే శక్తి. మరమగ్గం వచ్చిన తరువాత చేనేతవాడు మునుపటంత సేపే పనిచేసినా అతని గంట శ్రమ విలువ అరగంటకు పడిపోతుంది. ధర్మవరం మగ్గం ముందు కూర్చున్న నేతన్నకు ఈ సూత్రం ఎవరూ చెప్పనవసరం లేదు. సగటు అతని ఇంటికి వచ్చి కూర్చుంది.

సాహిత్యంలో సగటు మనిషి

ఇక మన పనికి వద్దాం. ‘సగటు మనిషి’ అనే భావనకు శాస్త్రరూపం ఇచ్చినవాడు బెల్జియం గణాంకవేత్త క్వెట్లే. 1835లో అతడు సగటు మనిషిని ఒక నమూనాగా నిలబెట్టి, దాని నుంచి తొలగిన వాళ్ళను ప్రకృతి చేసిన పొరపాట్ల వంటివారుగా భావించాడు. మన విమర్శలో ‘సగటు రైతు జీవితాన్ని చిత్రించిన కథ’ అని మెచ్చుకున్నప్పుడల్లా మనకు తెలియకుండానే క్వెట్లేను అనుసరిస్తున్నాం.

అభ్యుదయ విమర్శ చెప్పింది ఇది కాదు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ కోరినది ప్రాతినిధ్య పరిస్థితులలో ప్రాతినిధ్య పాత్రలను. ఆమె నవలలో శ్రామికవర్గం కదలిక లేని రాశిగా కనిపిస్తున్నదన్నది ఆయన అభ్యంతరం. తరువాత లూకాచ్ ఈ భేదాన్ని ఇంకా విస్పష్టం చేశాడు. ప్రాతినిధ్య పాత్ర అంటే సగటు పాత్ర కాదు. ఒక కాలపు వైరుధ్యాలు తమ పరాకాష్ఠలో ఏ మనిషిలో కలుసుకుంటాయో అతడు ప్రాతినిధ్య పాత్ర. సగటు అంచులను కోసివేస్తుంది. ప్రాతినిధ్యం అంచు దగ్గరే దొరుకుతుంది.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956)లోని రంగడు, గంగమ్మలను చూడండి. పెన్న ఒడ్డున ఉన్న కుటుంబాలన్నిటి ఆదాయాన్నీ కూడి భాగిస్తే వచ్చిన దంపతులు కారు వాళ్ళు. ఆ ఇద్దరిలో ఒక నేల చరిత్ర నడిచింది, అందుకే నిలిచారు. సింగమనేని నారాయణ తన పుస్తకానికి ‘జూదం’ అని పేరు పెట్టారు. మెట్ట సేద్యం రైతుకు అనుభవంలో ఎలా ఉంటుందో ఆ పేరే చెబుతుంది. జూదమాడేవాడికి సగటు ఉండదు, ఈ పందెం మాత్రమే ఉంటుంది. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ పద్ధెనిమిదో శతాబ్దానికి వెళ్ళింది కనుక, కరువు కేవలం మేఘం సృష్టి కాదనీ, అధికారానికి అందులో చేయి ఉందనీ చెప్పే వీలు దానికి కలిగింది.

ఈ మధ్య వస్తున్న కరువు కథలు చాలా వరకు వేరుగా ఉన్నాయి. బోరు వేస్తాడు, నీళ్ళు పడవు, అప్పు పెరుగుతుంది, కూతురి పెళ్ళి ఆగుతుంది, చివరి పేజీలో చెట్టో పురుగుమందు డబ్బానో ఉంటుంది. ఇందులో ప్రతిదీ నిజంగా జరిగినదే. అయినా అన్నీ కలిసి ఒక సగటు అయిపోయాయి. చదివిన పాఠకుడికి ఎవరో ఒక మనిషి చనిపోయినట్టు అనిపించదు, అంకె ఒకటి పెరిగినట్టు అనిపిస్తుంది. ఆ అప్పు ఎవరు ఇచ్చారు, ఏ వడ్డీకి, అదే ఊరిలో ఎవరి బోరులో నీరు ఎందుకు పడింది, కౌలుదారు పేరు బ్యాంకు కాగితంలో ఎందుకు లేదు, ఆ ఇంటి ఆడమనిషి ఆ తరువాత ఏం పని చేసి బతికింది, బెంగుళూరుకు పోయిన కొడుకు ఏ మట్టి మోస్తున్నాడు అన్న ప్రశ్నలు కథలో ఉండవు. ఇవి అడిగితే కథ సగటు నుంచి తొలగుతుంది. తొలగినప్పుడే నిజానికి దగ్గరవుతుంది.

కనుక రాసే మిత్రులకు నా సూచన ఒక్కటే. యావరేజి, సగటు, సరాసరి, సాధారణం అన్న మాటలు కలం చివరకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దేనిని దేనితో భాగించారు? ఆ భాగహారంలో కనబడకుండా పోయినవాడు ఎవడు? కనబడకుండా ఉండటం వల్ల బాగుపడినవాడు ఎవడు? మొదటి ప్రశ్నకు జవాబు పట్టికలలో దొరుకుతుంది. రెండవదానికీ మూడవదానికీ పల్లెకు వెళ్ళాలి. విద్యార్థులు తమ మండలం వానమాపకం లెక్క ఒకటి తెచ్చుకొని, దాని పక్కన ఆ యేడు ఏ కార్తెలో ఎంత పదునైందో పదిమంది రైతులు చెప్పిన మాట రాసి చూడండి. రెండు వరుసలూ ఎక్కడ కలవడం లేదో అక్కడ రాయవలసిన కథ ఉంటుంది.